నడవడిక రిజిస్టర్లో ఎవరి పేరు రాయాలి?

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి చైతన్యపురి వైపు నడిస్తే ఒక్కో భవనానికి నాలుగైదు బోర్డులు కనిపిస్తాయి. డీఎస్సీ కోచింగ్, గ్రూప్స్ కోచింగ్, కంప్యూటర్ కోర్సులు, బాయ్స్ హాస్టల్, గర్ల్స్ హాస్టల్. మన గూడేల నుంచి, తండాల నుంచి వచ్చిన ఎంతోమంది ఈ సందుల్లోనే గదికి నలుగురు చొప్పున ఉండి చదువుకున్నారు. మేమూ అట్లా వచ్చినవాళ్లమే. డీఎడ్ పట్టా చేతిలో పెట్టుకుని డీఎస్సీ కోసం వచ్చాం. గది అద్దెకూ మెస్సుకూ డబ్బులు కావాలి కాబట్టి ఎల్బీనగర్ దాటాక ఒక చిన్న ప్రైవేటు బడిలో ఐదో తరగతి టీచరుగా చేరాం. అక్కడ చూసింది, చేసింది ఈ వ్యాసానికి మూలం.

ఒక జూన్‌లో ఆ బడి యాజమాన్యం మా అందరి ఫోన్లలో ఒక యాప్ వేయించింది. తరగతిలో ప్రతి పిల్లకూ ఒక బొమ్మ. బొమ్మను తాకితే రెండు రంగులు వస్తాయి. ఆకుపచ్చ నొక్కితే ప్లస్, ఎరుపు నొక్కితే మైనస్. హోంవర్క్, మర్యాద, సమయపాలన, పాల్గొనడం, శుభ్రత అని గడులు ముందే రాసి ఉంటాయి. నొక్కిన వెంటనే తల్లిదండ్రుల ఫోనుకు మెసేజి పోతుంది. శనివారం చివరి పీరియడ్‌లో వారం మొత్తాన్ని తెర మీద వేసి చూపాలి. దాచుకోవడం ఎందుకు, మాకు అది నచ్చింది. దాదాపు యాభై మంది పిల్లలున్న ఇరుకు గదిలో బెత్తం ముట్టుకోకుండా, గొంతు చించుకోకుండా నిశ్శబ్దం వస్తే ఏ టీచరుకు చేదు?

ఆ తరగతిలో ఒక పిల్ల ఉండేది. పేరు రాయం. దేవరకొండ వైపు తండా వాళ్లది. సాగర్ రోడ్డు మీద దేవరకొండ బస్సెక్కి వచ్చి ఎల్బీనగర్‌లో దిగి, అక్కడే పనిలో కుదురుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఈ పిల్ల తల్లిదండ్రులు కట్టడం పూర్తికాని ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా ఉంటూ, కింద సెల్లార్‌లో వండుకునేవాళ్లు. పొద్దున నీళ్లు పట్టి, తమ్ముడిని అంగన్‌వాడీలో వదిలి, అప్పుడు ఈ పిల్ల బడికి వచ్చేది. అందుకని సమయపాలన గడిలో వారానికి మూడు మైనస్‌లు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్ల, అడిగినదానికి జవాబు తెలిసినా ఇంగ్లీషు మాట దొరక్క తలదించుకునేది. అందుకని పాల్గొనడం గడిలో ఇంకో రెండు.

ఆగస్టులో ఒకరోజు ఆ పిల్ల తనంతట తాను మా బల్ల దగ్గరికి వచ్చింది. నోట్సు తెరిచి పట్టుకుని, "టీచర్, నువ్వు నిన్న చెప్పిన లెక్క నాకు వచ్చింది, చూడు" అంది. రెండు నెలల్లో అదే ఆమె పెట్టిన మొదటి మాట. తరగతి గొల్లున నవ్వింది, టీచర్ని 'నువ్వు' అన్నందుకు. గుమ్మంలో కోఆర్డినేటర్ నిలబడి ఉన్నారు. మాకు కోపం రాలేదు. మా గూడెంలోనూ పిల్లలు సార్లను నువ్వనే అంటారు, అందులో తక్కువ చేయడం ఏమీ ఉండదని మాకు తెలియనిది కాదు. అయినా కోఆర్డినేటర్ చూస్తున్నారు. ఫోను తీసి మర్యాద గడిలో మైనస్ రెండు నొక్కాం. లెక్క సరిగ్గానే చేసింది. లెక్క సరిగ్గా చేసినందుకు ఏ గడీ లేదు. ఉన్నా అప్పుడు గుర్తు రాలేదు.

మెసేజి ఇంగ్లీషులో పోయింది. తండ్రికి చదవడం రాదు, సైటు మీద సూపర్‌వైజర్‌తో చదివించుకున్నాడు. "నీ బిడ్డ టీచర్‌కు మర్యాద ఇస్తలేదట" అని ఆయన చెప్పాడు. నలుగురి ముందు ఆ మాట పడ్డ తండ్రి ఇంటికి పోయి పిల్లను కొట్టాడు. మర్నాడు తల్లి వచ్చింది. "మా పిల్ల నిన్ను ఏమన్నది టీచర్?" అని అడిగింది. ఆమె కూడా 'నిన్ను' అనే అన్నది. మేము ఏం చెప్పాలో తెలియక, ఏం లేదమ్మా, బాగానే చదువుతుంది అన్నాం. దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల రాలేదు. తండాలో అమ్మమ్మ దగ్గర ఉంచారని తెలిసింది. ఆ పిల్ల బొమ్మ మాత్రం సంవత్సరం చివరిదాకా మా తెర మీద, పక్కన మైనస్ గుర్తుతో, అట్లాగే ఉంది. తీసేసే బటన్ మా చేతిలో లేదు.

తప్పు వెతికితే మా వేలి దగ్గరికే వస్తుంది, దానికి సాకు చెప్పం. కానీ ఆ వేలికి రెండు రంగులు తప్ప ఇంకేమీ ఇవ్వని పట్టిక ఉంది కదా, దాన్ని కూడా పరీక్షించాలి. పట్టిక గీసినవాళ్లు ఏ గడి పెడితే టీచరు కన్ను అదే చూస్తుంది. గడి లేనిది జరగనట్టే.

మన డీఎడ్ పుస్తకాల్లో అనెక్‌డోటల్ రికార్డు అని ఒకటి చదివాం, గుర్తుందా? పరీక్షకు బట్టీ పట్టి వదిలేస్తాం గానీ దాని అమరిక చూడండి. ఏం జరిగిందో ఒకచోట రాయాలి. దాని మీద టీచరు అనుకున్నది వేరే చోట రాయాలి. రెండూ కలపకూడదు. 'పిల్ల వచ్చి నువ్వు నిన్న చెప్పిన లెక్క వచ్చింది చూడు అన్నది' అనేది జరిగింది. 'అమర్యాద' అనేది టీచరు అభిప్రాయం. కాగితం మీద ఈ రెంటినీ విడివిడిగా రాయాల్సి వస్తే, మొదటి వాక్యం రాస్తుండగానే రెండోది రాయడానికి చేయి ఆగిపోయేది. యాప్‌లో మొదటి గడి ఎగిరిపోయింది. అభిప్రాయమే సంఘటన అయి కూర్చుంది. పైగా అంకె కావడం వల్ల ఏదో తూకం వేసి చెప్పినట్టు కనిపిస్తుంది. మైనస్ రెండును మైనస్ ఒకటికి ఎవరు కొలిచారు? ఆలస్యానికి ఒకటి, నువ్వు అన్నందుకు రెండు అని ఎక్కడ తేల్చారు?

నడవడికను పుస్తకంలో ఎక్కించే పని ఫోన్లతో మొదలైందనుకుంటే పొరపాటు. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ మగపిల్లల ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు సూపరింటెండెంటుగా వచ్చాడు. ఇక్కడి బడుల్లో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, దాన్ని తన బడిలో పెట్టుకున్నాడు. 1797లో లండన్‌లో అచ్చయిన నివేదికతో అతని విధానం మద్రాసు పద్ధతి అనే పేరుతో పైదేశాలకు పోయింది. ఆ బడిలో నల్ల పుస్తకం ఒకటి ఉండేది. పెద్ద తప్పులు అందులో ఎక్కించేవారు. వారానికోసారి అందరి ముందు దాన్ని తెరిచి, పిల్లల్లోంచే ఎంచుకున్న జ్యూరీతో విచారణ చేయించేవారు. ఆ పిల్లల్లో ఎక్కువమంది తెల్ల సైనికులకూ ఇక్కడి తల్లులకూ పుట్టినవాళ్లు, అడిగే దిక్కు లేనివాళ్లు. నల్ల పుస్తకాన్ని మేము మెచ్చుకోవడం లేదు. కానీ అందులో విచారణ అనేదొకటి ఉంది. ఇప్పటి యాప్‌లో అది లేదు. పిల్ల నోరు తెరిచేలోగా మెసేజి ఇంటికి చేరిపోతుంది.

ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువగా తెలిసిన యాప్ క్లాస్‌డోజో. 2011లో అమెరికాలో మొదలైంది. బొమ్మలు, పాయింట్లు, తల్లిదండ్రులకు కబురు, అన్నీ అందులో ఉన్నవే. మా బడిలోది వేరే యాప్ అయినా పోలిక అదే. 2014లో పిల్లల నడవడిక వివరాలు ఎన్నేళ్లు ఉంచుతారు అని పత్రికల్లో ప్రశ్నలు వచ్చాక, పాయింట్లను ఒక విద్యా సంవత్సరం దాటి ఉంచబోమని ఆ సంస్థ ప్రకటించింది. ప్రశ్న అడిగితే మారుతుందన్నమాట. మా బడిలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు.

అదే అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయంవాళ్లు తయారు చేసిన ఇంకో పద్ధతి ఉంది, స్కూల్‌వైడ్ ఇన్ఫర్మేషన్ సిస్టం అంటారు. టీచర్లు దీని గురించి తెలుసుకోవాలి. అందులోనూ పిల్లల తప్పులే ఎక్కిస్తారు. కానీ ఏం చేశారన్న దానితో పాటు ఎక్కడ, ఏ వేళ, పక్కన ఎవరున్నారు, దేనికోసం చేసి ఉండవచ్చు అని కూడా అడుగుతుంది. తర్వాత వాటిని కలిపి చూపేటప్పుడు రోజుకు సగటున ఎన్ని, ఏ చోట, ఏ గంటలో, ఏ రకానివి అని చూపిస్తుంది. పిల్లల పేర్లు ఆ వరుసలో ఒకటి మాత్రమే. గొడవలన్నీ భోజనాల వరుస దగ్గరే అవుతున్నాయని తేలితే మార్చాల్సింది ఆ వరుసను. ఇంకోటి, ఏ జాతి పిల్లల పేర్లు ఎక్కువ ఎక్కుతున్నాయో చూపే నివేదిక కూడా అందులో ఉంది. అక్కడి బడుల్లో నల్లజాతి పిల్లలను వాళ్ల సంఖ్యకు మించి శిక్షిస్తున్నారని ప్రభుత్వ లెక్కలే పదేపదే చెప్పాయి కాబట్టి ఆ అవసరం వచ్చింది. ఆ నివేదికలో నిలబడేది టీచర్లు, పిల్లలు కాదు. మన దగ్గర ఏ బడిలోనైనా, మైనస్‌లలో ఎన్ని ఎస్టీ పిల్లలకు పోయాయి అని లెక్క తీసిన తెర ఒక్కటి చూపించండి.

ఇది మనకు ఎందుకు మిగతావాళ్లకన్నా ఎక్కువ పట్టాలంటే, మన జనాన్ని నడవడిక రిజిస్టర్లో ఎక్కించిన చరిత్ర ఒకటి ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకల మొదలైన తెగల వాళ్లు ఏ తప్పు చేసినా చేయకపోయినా పుట్టుకతోనే పేరు రాయించుకోవాలి, వేలిముద్ర ఇవ్వాలి, చెప్పిన వేళకు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోవాలి. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అట్లా శాల్వేషన్ ఆర్మీ చేతికింద పెట్టిన సెటిల్‌మెంటే. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి సంస్కరణ బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉండేది. 1952లో దేశమంతటా రద్దైంది. రద్దై డెబ్బై ఏళ్లు దాటినా ఎరుకల పిల్లవాడి పక్కన పెన్సిల్ పోతే ముందు ఎవరి సంచి వెతుకుతారో టీచర్లకు తెలుసు. ఇన్నాళ్లూ ఆ చూపు టీచరు కంట్లో మాత్రమే ఉండేది, ఆ టీచరు బదిలీ అయితే పోయేది. పట్టికలోకి ఎక్కితే తర్వాతి టీచరుకు కూడా తయారుగా అందుతుంది.

కాగితం రోజుల్లో దీనికి మనవాళ్లు ఒక విరుగుడు కనిపెట్టారు, ఎవరూ ఒప్పుకోరు గానీ. స్టడీ అండ్ కాండక్ట్ సర్టిఫికెట్‌లో నడవడిక అనే చోట హెడ్‌మాస్టర్లు కళ్లు మూసుకుని 'సంతృప్తికరం' అని రాసేస్తారు. ఏడాదంతా తిట్టిన పిల్లవాడికి కూడా అదే. మేము చిన్నప్పుడు దీన్ని బద్ధకం అనుకున్నాం. ఇప్పుడు అది దయ అనిపిస్తుంది. పదిహేనేళ్ల పిల్లవాడి మీద తీర్పు రాసి పంపే హక్కు తనకు లేదని ఆ హెడ్‌మాస్టరుకు ఎక్కడో తెలుసు.

చట్టం ఏం చెబుతుందో యువత తెలుసుకుని ఉండాలి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. శనివారం తెర మీద మైనస్‌లు వేసి నలభై మంది ముందు చూపడం అందులోకి రాదని ఎవరంటారో మాతో వాదించాలి. అదే చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తీసేయకూడదు. పాయింట్లు చూపించి తల్లిదండ్రులంతట వాళ్లే టీసీ అడిగేలా చేస్తే తీసేసినట్టు కాగితం మీద ఉండదు. ఇక 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 9వ సెక్షన్ పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంది, వాళ్ల నడవడికను వెంటాడి గమనించకూడదంది. చదివి సంతోషించాం. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. చదువు పనులకూ పిల్లల భద్రతకూ అయితే విద్యాసంస్థలకు ఆ నిషేధం నుంచి మినహాయింపు ఇచ్చారు. చదువు పని కానిది బడిలో ఏముంది? మర్యాద గడి కూడా చదువు పనే అంటారు.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇది కొత్తగా అనిపించదు. గేటు దగ్గర వేలిముద్ర, బయటికి పోతే అవుట్‌పాస్, వారం పరీక్ష మార్కు ఇంటికి మెసేజి, ఆ మార్కును బట్టి సెక్షన్ మార్పు. ఇంటి దగ్గర ఆ మెసేజి ఎవరు చదివి పెడతారు, ఎట్లా చదివి పెడతారు అనేది మీకే బాగా తెలుసు. ఊళ్లో ఒక్క ఫోను ఉన్న ఇంట్లో చదివితే సాయంత్రానికి గూడెమంతా తెలుస్తుంది.

ఇంత చెప్పాక, అసలు రాతే వద్దు అనేవాళ్లతో మేము లేము. రాత లేకపోతే నష్టపోయేదీ మన పిల్లలే. ఆశ్రమ పాఠశాలలో పిల్లను ఎవరైనా కొడితే, వేధిస్తే, అన్నంలో పురుగు వస్తే, అది ఏ తారీఖున ఎక్కడ జరిగిందో రాసి లేకపోతే రేపు విచారణలో ఏమీ జరగనట్టే. అందుకని రిజిస్టరు ఉండాలి. దాని మొదటి గడిలో ఎవరి పేరు అనేదే తగువు. పిల్ల పేరుతో మొదలయ్యే పట్టిక పిల్లనే దోషిగా తేలుస్తుంది, ఇంకేమీ తేల్చలేదు. చోటుతో, వేళతో మొదలయ్యే పట్టిక బడిని చూపిస్తుంది.

మరుసటి ఏడు ఆ బడిలోనే మేము ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాం. యాప్‌లో యాజమాన్యం అడిగినన్ని ప్లస్‌లు నొక్కుతూ, గొడవలను మాత్రం నోట్‌బుక్‌లో రాశాం. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏం జరిగింది, దానికి ముందు ఏం జరిగింది, మేమేం చేశాం, పిల్ల ఏమంటుంది. పేరు చివరన, అది కూడా మొదటి అక్షరమే. 'మేమేం చేశాం' అనే గడి పెట్టడం తేలికే, నింపడం కష్టం. అరిచాం, అరిచాం, బయట నిలబెట్టాం, అరిచాం అని మన చేత్తో మనమే రాసుకుంటే నాలుగో రోజుకు సిగ్గేస్తుంది. నెల తిరిగేసరికి ఒకటి కనిపించింది. గొడవల్లో ఎక్కువ భాగం మధ్యాహ్నం, మంచినీళ్ల దగ్గర. బడి మొత్తానికి పనిచేసే నల్లాలు రెండే. చిన్నవాళ్లు, పెద్దవాళ్లు ఒకేసారి వదిలితే తోపులాట కాక ఏమవుతుంది? ఇంకో నల్లా పెట్టించమంటే యాజమాన్యం వినలేదు. తరగతులను పది నిమిషాల తేడాతో వదలడానికి ఒప్పుకున్నారు. సగం గొడవలు అక్కడే ఆగాయి. వాటికోసం అంతకుముందు ఏడాది ఎంతమంది పిల్లల బొమ్మల మీద ఎరుపు నొక్కామో!

టీచరు మిత్రులు ఒకమాట అంటారు, ఇంత రాసే తీరిక ఎక్కడిది అని. నిజమే, తీరిక లేదు. హాజరుకు ముఖం చూపే యాప్, భోజనాలకు ఒకటి, పుస్తకాలకు ఒకటి నింపేసరికి పీరియడ్ అయిపోతుంది. అందుకే అన్నీ రాయకూడదు. రోజుకు ఒకటీ రెండూ, నిజంగా ఎవరికైనా దెబ్బ తగిలినవి, ఎవరైనా ఏడ్చినవి. కదలడం, మాట్లాడటం, నువ్వు అనడం, ఇవి రాసుకోవడానికి నోట్‌బుక్కులు చాలవు. ఏప్రిల్ చివర ఆ పుస్తకాన్ని చించేయాలి. పై తరగతి టీచరుకు ఇవ్వకూడదు. మేము మా పుస్తకాన్ని సెలవుల ముందు పిల్లల ఎదుటే చించాం. తమ పేజీ తామే చింపుతామని ఎగబడ్డారు.

పిల్ల చదువుకునే హక్కు ఉండాలన్నది మాత్రం మాకు ముందు తట్టలేదు. ఒక అబ్బాయి నేర్పాడు. ఎరుకల వాళ్లబ్బాయి, వాళ్ల నాన్న కొత్తపేట వైపు పందుల పెంపకంలో పనిచేసేవాడు. పక్కవాడిని కొట్టాడు, ముక్కు నుంచి రక్తం వచ్చింది, మేము రాశాం. మధ్యాహ్నం మేము లేనప్పుడు పుస్తకం తెరిచి చదివాడట. వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"టీచర్, ఇది సగమే రాసినవ్."

"ఏం తక్కువైంది?"

"కొట్టిండు అని రాసినవ్. వాడు మొదలు మా కులం పేరు పెట్టి, పందులోడా అని పిలిచిండు. మూడు రోజుల సంది పిలుస్తుండు. అది లేదు."

'దానికి ముందు ఏం జరిగింది' అనే గడిలో మేము గీత గీసి వదిలేశాం. పెన్ను వాడికిచ్చి, నువ్వే రాయి అన్నాం. వాడు కూర్చుని రాశాడు. చిన్న గడి సరిపోలేదు, పక్క పేజీలోకి పోయాడు. రాశాక కింద తన పేరు పూర్తిగా రాసి, వాళ్ల నాన్న పేరు కూడా రాసి, రెండో పిల్లవాడిని పిలిచి అతని చేత చదివించాడు.